పదహారు గుర్తులు, తెరుచుకోని ఫ్లాష్ ఫైళ్ళు

నాకు ఇంగ్లీషు అక్షరాలు మొత్తం రావు. ఏ నుంచి ఎఫ్ దాకా వచ్చు. అవి ఆరు, అంకెలు పది. ఈ పదహారు గుర్తులతోనే వనపర్తిలో ఒక కంప్యూటర్ షాపులో పద్దెనిమిదేళ్ళు పనిచేశాను. కళ్ళకు పొర వచ్చాక మానుకున్నాను. ఐదో తరగతి సగంలో బడి వదిలిన ముసలిదానికి కంప్యూటర్‌తో ఏం పని అని నవ్వినవాళ్ళు ఉన్నారు. నవ్వనీ. ఏ ఫైలునైనా లోపలి రూపంలో చూస్తే అందులో కనబడేవి ఈ పదహారు గుర్తులే. రెండేసి గుర్తులు కలిస్తే ఒక బైటు. మిగతా ఇరవై అక్షరాలు నేర్చుకుంటే మంచిదే, కానీ నా పనికి అవసరం పడలేదు. అవసరం లేనిదాన్ని కొనే అలవాటు నాకు లేదు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే ఆడపిల్లలు, మగపిల్లలు నా దగ్గరికి వచ్చి "ఎట్ల చేసేదానివి అవ్వా" అని అడుగుతున్నారు. అడిగిన ప్రతివాళ్ళకూ నోటితో చెబితే గొంతు అరుగుతుంది. ఒకసారి రాసిపెడితే అందరికీ సరిపోతుంది.

ఫ్లాష్ అంటే ఏమిటో తెలియనివాళ్ళకు ముందు ఒక మాట. కదిలే బొమ్మల పాఠాలు, ఆటలు, పెళ్ళి పిలుపులు ఒకప్పుడు ఆ పద్ధతిలోనే చేసేవాళ్ళు. తర్వాత దాన్ని నడిపిన కంపెనీయే ఆపేసింది. కొత్త కంప్యూటర్లు ఆ ఫైళ్ళను తెరవడం మానేశాయి. బడుల బీరువాల్లో, ఇళ్ళలో ట్రంకు పెట్టెల్లో సీడీలు మాత్రం మిగిలిపోయాయి. అవి పట్టుకుని జనం మా షాపుకు వచ్చేవాళ్ళు. మూటలా బిగించి ఉన్న ఫైలును విప్పడం, విప్పినదాంట్లోంచి బొమ్మలు, మాటలు, ఆజ్ఞలు విడివిడిగా బయటికి తీయడం, ఇదీ నా పని. మొదటిదాన్ని డీకంప్రెస్ అంటారు, రెండోదాన్ని డీకంపైల్ అంటారు. పేర్లు పెద్దవి. పని మాత్రం బియ్యం ఏరడం లాంటిది. ఓపిక ఉండాలి, తొందర ఉండకూడదు.

చీటీ మార్చని మూట

నేను ఆ షాపుకు ఊడవడానికి పోయాను. షాపు యజమాని ఖాదర్ సారుది గద్వాల. నాకంటే చిన్నవాడు, నన్ను సాయమ్మక్కా అని పిలుస్తాడు. చెడిపోయిన ఫైళ్ళ వరసలు చూసి చూసి ఆయనకు తలనొప్పి వచ్చేది. ఒకరోజు నేను చీపురు పట్టుకుని వెనక నిలబడి, "సారూ, పైన 43 ఉంటే మీరు మొగం ముడుస్తున్నరు, 46 ఉంటే నవ్వుతున్నరు, ఎందుకు?" అన్నాను.

ఆయన కుర్చీ తిప్పి నన్ను చూశాడు. "చీపురు గోడకు పెట్టు అక్కా. ఇట్ల కూసో" అన్నాడు. నా చదువు ఆ రోజు మళ్ళీ మొదలైంది.

ఫ్లాష్ ఫైలు మొదట్లో 43 57 53 ఉంటే అది బిగించి కట్టిన మూట. 46 57 53 ఉంటే విప్పి ఉన్న మూట. నాలుగో బైటు అది ఎన్నో రకమో చెబుతుంది. తర్వాతి నాలుగూ విప్పితే ఎంత పొడుగు వస్తుందో చెబుతాయి, అదీ వెనక నుంచి ముందుకు రాసి ఉంటుంది. ఆ తర్వాత 78 కనబడితే మూట అక్కడ మొదలైందని అర్థం. అసలు మొదట్లోనే 3C ఉంటే అది ఫ్లాష్ కానే కాదు. ఎవరో వెబ్ పేజీని ఆ పేరుతో దాచుకున్నారు. తెరుచుకోవడం లేదని తెచ్చిన ఫైళ్ళలో ఇలాంటివి చాలా చూశాను. అందుకే మొదట పేరు చూడకండి, మొదటి మూడు బైట్లు చూడండి. మనుషుల్లో కూడా చాలామంది పేరుకు ఒకటి, లోపల ఒకటి.

నా మొదటి తప్పు ఇక్కడే జరిగింది. ఒక బడి తాలూకు లెక్కల పాఠం విప్పాను. చక్కగా విప్పుకుంది. తెరిచి చూస్తే తెల్ల తెర. మళ్ళీ మొదటి నుంచి చేశాను, మళ్ళీ తెల్ల తెర. రెండు రోజులు అదే పని. మూడో రోజు సారు వచ్చి చూసి నవ్వాడు.

"అక్కా, మూట ఇప్పినవ్, బాగనే ఉంది. మరి పైన చీటీ ఎవరు మారుస్తరు?"

విప్పిన మూట మీద 43 అని అలాగే వదిలేశాను. పాపం కంప్యూటర్, చీటీ నమ్మి, విప్పినదాన్ని మళ్ళీ విప్పబోయింది. ఒక్క గుర్తు మార్చి 46 చేయగానే పాఠం నడిచింది. చేసిన పనిని చేసినట్టు పైన రాసిపెట్టకపోతే, వెనక వచ్చేవాడు ఆ పనే మళ్ళీ చేసి చెడగొడతాడు.

గిన్నె తోమినట్టు

రెండో తప్పు చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే. అయిజ నుంచి ఒక టీచరమ్మ సీడీ తెచ్చింది. దాని మీద జిడ్డు, వేలిముద్రలు. నేను ఇంట్లో ఆడమనిషిని, మురికి కనబడితే చెయ్యి ఆగదు. తడిబట్ట తీసుకుని, గుండ్రంగా, ఇత్తడి పళ్ళెం తోమినట్టు తోమాను. మెరిసింది. కానీ అంతకుముందు సగమన్నా చదివిన సీడీ ఆ తర్వాత అసలు చదవలేదు.

సీడీలో రాత గుండ్రంగా వరసలు వరసలుగా ఉంటుంది. గుండ్రంగా తుడిస్తే గీత ఒకే వరస వెంట పోయి దాన్ని మొత్తం తినేస్తుంది. మధ్య నుంచి అంచుకు తుడిస్తే గీత పడినా ఒక్కో వరసను ఒక్కచోట మాత్రమే తాకుతుంది, అంతవరకు యంత్రం సర్దుకుంటుంది. గిన్నెలు తోమే చెయ్యి గల ప్రతి మనిషీ ఈ తప్పు చేస్తుంది. చెప్పేవాళ్ళు లేక నేను చేశాను. ఇప్పుడు మీకు చెప్పాను కాబట్టి మీరు చేస్తే అది మీ తప్పు.

టీచరమ్మకు నేనే చెప్పాను, నా చేతులతో చెడగొట్టానని. ఆమె తిట్టింది. తిట్టే హక్కు ఆమెకు ఉంది. సారు అడ్డం రాబోతే ఆపాను. తప్పు చేసినవాళ్ళు తిట్లు తినకపోతే ఆ తప్పు అరగదు.

మా సారు గురించి ఉన్నమాట

ఖాదర్ సారు మంచివాడు. యంత్రం మీద చెయ్యి పెడితే దానికి ప్రాణం వచ్చేది. కానీ ఆయనకు లేదు అనడం రాదు. ఎవరు ఏది తెచ్చినా "అయితది" అంటాడు. వాళ్ళు ఆశతో పోతారు, వారం తర్వాత తిరిగి వస్తారు, ఆయన వెనక గదిలో చాయ్ తాగుతూ నన్ను ముందుకు తోస్తాడు.

"నువ్వు చెప్పు అక్కా, నీ మాటయితే ఇంటరు."

"మీరు అయితదన్నరు, మీరే చెప్పుండ్రి."

"నా మొగం చూస్తే కోపమొస్తది వాళ్ళకు. నీ మొగం చూస్తే భయమైతది."

అందుకే నేను మొదటి రోజే "తెల్వదు" అనడం నేర్చుకున్నాను. చూడకముందు అవుతుందనీ అనకండి, కాదనీ అనకండి. తెలవదు అనండి. ఆ మాటకు కట్టుబడటం చాలా కష్టం. నేనే ఒకసారి తప్పాను, అది కింద చెబుతాను.

ఇంకొకటి. ఒక మనిషి వచ్చి, పాఠం మొదటి తెర మీద ఉన్న పేరు తీసి తన పేరు పెట్టమన్నాడు. సారు "అయితది" అన్నాడు. నేను అప్పటికి కొత్త. ఆ పేరు ఎవరిదో చదవడం నాకు రాదు. బొమ్మ తీసి బొమ్మ పెట్టాను, అతుకు కనబడకుండా. మంచిగా చేశానని పొంగిపోయాను కూడా. అది ఎవరో కూర్చుని, మెడలు నొప్పి పుట్టేలా చేసిన పని అని చాలా ఏళ్ళ తర్వాత గానీ తట్టలేదు. విప్పే విద్య వచ్చినవాళ్ళకు దొంగ చెయ్యి కూడా దానంతటదే వస్తుంది. ఎవరైనా పేరు మార్చమని వస్తే, బయటికి దారి చూపించండి.

నస్రీన్

నేను పని మానడానికి నెల ముందు సంగతి ఇది. ఒక గురువారం పొద్దున తెలకపల్లి నుంచి ఒక ఆడమనిషి వచ్చింది. పేరు నస్రీన్. ముప్పై ఐదు దాటి ఉంటాయి. సంచిలోంచి గుడ్డ మడత తీసి, మడతలోంచి సీడీ తీసింది. దాని మీద ఆకుపచ్చ మొలక బొమ్మ.

"ఏముంది దీంట్ల?" అన్నాను.

"విత్తనం మొలకెత్తే పాఠం అవ్వా. నేనే చేసిన."

"నీ పేరు యాడుంది మరి?"

"యాడ లేదు."

పెళ్ళికి ముందు గద్వాలలో ఒక కాంట్రాక్టరు ఇంటి ముందరి గదిలో కూర్చుని ఆమె మూడేళ్ళు ఇలాంటి పాఠాలు చేసింది. అవన్నీ ఆయన పేరుతో బడులకు పోయాయి. ఆయన షాపు ఎత్తేసి ఎటో పోయాడు. ఇప్పుడు నాగర్‌కర్నూల్‌లో ఆడపిల్లలకు బొమ్మల పాఠాలు నేర్పే కేంద్రంలో టీచర్ ఉద్యోగం ఖాళీ పడింది. సోమవారం ఇంటర్వ్యూ. నువ్వు చేసిన పని ఒకటి తీసుకురా, నువ్వే చేశావని చూపించు అన్నారట. ఆమె చేసిన వాటిలో మిగిలింది ఈ ఒక్క సీడీ. అదీ ఆమె చిన్నకొడుకు బండి చక్రం చేసి నేల మీద దొర్లించాడు.

"తెరిస్తే అయితదా అవ్వా?"

వెనక నుంచి సారు నోరు తెరిచాడు. నేను ముందే అన్నాను, "తెల్వదు."

మనసులో మాత్రం ఇంకోటి అనుకున్నాను. ఎవరో చేసిన పాఠం పట్టుకొచ్చి నాదంటోందేమో అని. నా దగ్గరికి అలాంటివాళ్ళు చాలామంది వచ్చారు. పేరు మార్చిన చెయ్యి నాది, అనుమానం కూడా నాకే ముందు వస్తుంది.

సీడీని కాపీ తీశాం. అసలు దాని మీద ఎప్పుడూ పని చేయకండి, కాపీ మీదే చేయండి. యంత్రం చదవలేని చోట్ల సున్నాలు పెట్టుకుంటూ పోయింది. ఫైలు తెరిచి చూస్తే మొదట్లో 43 57 53 ఉంది, తర్వాత 78 ఉంది. పైకి అంతా బాగుంది. కిందికి పోతే రెండు చోట్ల బారుగా 00 00 00, గొర్రెలు మేసిన చేను లాగా. మూటలో మధ్య ముడి తెగితే, అక్కడి నుంచి అవతలిది విప్పడానికి వీలుండదు. మొదటి సున్నాల దాకా విప్పుకుంది, ఆగిపోయింది. తెర మీద విత్తనం వచ్చింది. మొలక రాలేదు.

నస్రీన్ తెర వైపే చూస్తూ కూర్చుంది. ఏడవలేదు. ఏడిస్తే నేను కసిరేదాన్ని. "ఇంకో సీడీ ఉంటే? బడులన్నిటికీ ఇదే ఇచ్చిండ్రు అవ్వా, ఇదే బొమ్మ మీద" అంది.

ఆకుపచ్చ మొలక. ఆ బొమ్మ నేను ఎక్కడో చూశాను. ఎక్కడో కాదు, గాలికి తిరుగుతుండగా చూశాను.

జొన్నచేను మీద పాఠాలు

నేను తప్పిన మాట ఇది. రెండు నెలల ముందు ఒక బడివాళ్ళు కంప్యూటర్ గది ఖాళీ చేస్తూ పాత సీడీల కట్ట మా షాపులో పడేసి పోయారు. పారేయమన్నారు. నేను రెండింటిని పెట్టి చూశాను, తెరుచుకోలేదు. మిగతావి చూడకుండానే "చచ్చినవి" అన్నాను. తెలవదు అనాల్సిన చోట చచ్చాయి అన్నాను. పారేయడం నా వల్ల కాదు కాబట్టి, పెద్దమందడిలో మా తమ్ముడు బాలయ్యకు ఇచ్చాను. జొన్న కంకి పాలు పట్టే వేళకు పిట్టలు మందగా దిగుతాయి. సీడీలు దారానికి కట్టి వేలాడదీస్తే ఎండకు తళుక్కుమంటాయి, పిట్ట బెదురుతుంది.

ఆ రోజే బస్సెక్కాం, నేనూ నస్రీనూ. బాలయ్య చేను గట్టు మీద నిలబడి వడిసెల తిప్పుతున్నాడు.

"ఏంది అక్కా, చెప్పక జెయ్యక వచ్చినవ్? ఎవరీ బిడ్డ?"

"సీడీలు ఇప్పు."

"ఏం సీడీలు?"

"నేనిచ్చినవే. ఇప్పు."

"ఇచ్చినవి మళ్ళ గుంజుకునుడేంది? చిన్నప్పుడు గోలీలు గిట్లనే ఇచ్చి గుంజుకుంటుంటివి. పిట్టలకు ఏం చెప్పాలె నేను?"

"అక్క వచ్చిందని చెప్పు. నా మొగం చూపి నిలబెట్టు, అయే పోతయి."

నస్రీన్ నవ్వింది. పొద్దున్నుంచి మొదటిసారి. చెప్పులు విప్పి చేనులోకి దిగి, కర్ర నుంచి కర్రకు పోతూ బొమ్మలు చూసింది. పదకొండు సీడీలు ఉన్నాయి. వాటిలో ఆకుపచ్చ మొలక బొమ్మవి రెండు. ఒకదాని మీద పిట్ట రెట్ట ఎండి గట్టిపడి ఉంది. ఏ పిట్టను బెదిరించాలని కట్టామో అదే కూర్చుని పోయింది. బాలయ్య దాన్ని చూసి తల గోక్కున్నాడు. "గీ రెండు తీస్కపో. మిగిలినయి ఉండనీ జర, కోత దాక" అన్నాడు. సరే అన్నాను.

షాపులో ఆ రెట్ట కడిగేటప్పుడు నా చెయ్యి దానంతటదే గుండ్రంగా తిరగబోయింది. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని ఆపాను. నీళ్ళలో నాననిచ్చి, మెత్తటి పాత పంచె ముక్కతో మధ్య నుంచి అంచుకు, మధ్య నుంచి అంచుకు. అయిజ టీచరమ్మ తిట్లు ఆ రోజు పనికొచ్చాయి.

రెండు చిరుగుల బొంత

పాత చీరలతో బొంత కుట్టినవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. రెండు చీరలు చిరిగినా, రెండూ ఒకేచోట చిరగవు. ఒకే అచ్చులో పోసిన సీడీలు కాబట్టి మూడింట్లోనూ ఫైలు ఒక్కటే, ఏ బైటు ఏ చోట ఉండాలో ఆ చోటే ఉంటుంది. నస్రీన్ దాంట్లో సున్నాలు పడినచోట చేనులోని సీడీ బాగుంటే, ఆ ముక్క తెచ్చి ఇక్కడ పెట్టాలి.

శుక్రవారం అంతా అదే పని. నేను వరస చదివితే సారు ముక్క తెచ్చి పెడతాడు. మొదటి చిరుగు పూర్తిగా పూడింది. రెండోచోట కొద్దిగా మిగిలింది, ఎందుకంటే ఆ కొద్దిచోట రెండు సీడీలూ పోయాయి. రెట్ట పడిన మూడో సీడీలో చూశాం. అక్కడ అది చక్కగా ఉంది. రెట్ట వేసిన పిట్టకు దండం పెట్టాను, ఇంకొంచెం పక్కకు కూర్చోనందుకు.

అతికిన తర్వాత తెరుచుకోగానే సంబరపడకండి. బిగించిన మూట చివర నాలుగు బైట్లు ఉంటాయి. లోపలిది మొత్తం సరిగా ఉందా లేదా అని లెక్క చెప్పే సాక్షి అది. ఆ సాక్షి ఒప్పుకోవాలి. విప్పిన పొడుగు, మొదట్లో రాసి ఉన్న పొడుగు ఒకటి కావాలి. రెండూ సరిపోయాయి. చీటీ 46గా మార్చాను, ఈసారి మరిచిపోలేదు. పాత కంప్యూటర్‌లో పెట్టాం. విత్తనం ఉబ్బింది, పొట్టు పగిలింది, వేరు కిందికి పోయింది, మొలక లేచింది.

"అచ్చం గట్లనే ఉంది," అంది నస్రీన్, తనలో తానే.

పిలిస్తే వచ్చేది ఎవరి మేకో

కానీ పాఠం నడిస్తే సరిపోతుందా? నడిచే పాఠాన్ని ఎవరైనా నాదే అనవచ్చు. ముందు నేనే నమ్మలేదు కదా.

మా ఊళ్ళలో రెండు మందలు కలిసిపోయి ఒక మేక కోసం ఇద్దరు కొట్లాడితే పెద్దమనుషులు ఒక పని చేస్తారు. మేకను మధ్యలో వదిలి, ఇద్దరినీ దూరంగా నిలబెట్టి పేరు పెట్టి పిలవమంటారు. పెంచినవాళ్ళ గొంతు దానికి తెలుసు.

ఫ్లాష్ పాఠంలో కదిలే ప్రతి ముక్కకూ చేసినవాళ్ళు లోపల ఒక పేరు పెట్టుకుంటారు, ఆజ్ఞ ఇచ్చేటప్పుడు పిలవడానికి. తెర మీద అది కనబడదు. డీకంపైల్ చేస్తే బయటికి వస్తుంది. నేను ముక్కల పట్టీ కాగితం మీద తీయించి, తెరను గోడ వైపు తిప్పేశాను. అక్కడున్న పేర్లు చదవడం నాకు రాదు. సారును చదవడానికి పెట్టాను.

"నస్రీన్, నీ ముక్కలకు ఏం పేర్లు పెట్టినవో చెప్పు. చూడకుంట చెప్పాలె."

ఆమె మొహం ఎర్రబడింది. "నవ్వరు గద?"

"నేను నవ్వుడు ఎవరన్న చూసిండ్రా?"

"మా మేకల పేర్లు అవ్వా. ఇంట్ల ఉండేవి. సూర్యునికి సుల్తాన్, మా మేకపోతు. ఎవరు తింటున్నా పైన వచ్చి నిలబడుతుండె. వేరుకు లంబూ. దానికి మెడ పొడుగు, ఎప్పుడు చూసినా కిందికి తలపెట్టి తవ్వుతుండె. గింజకు బోడి, కొమ్ముల్లేవు దానికి. పొట్టుకు భూరీ, మట్టిరంగుది. మొలకకు చిట్టి, ఆ నెలనే పుట్టింది."

"వానకు?" అన్నాడు సారు, పట్టీ మీద వేలు పెట్టి.

"గంగ." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అది యాడ నిలబడితే ఆడ తడి."

సారు పగలబడి నవ్వాడు. నేను నవ్వలేదు. పెదవి కొంచెం కదిలి ఉంటుంది. ఆరు పేర్లూ సరిపోయాయి. కానీ సారు వేలు ఇంకా పట్టీ మీదే ఉంది. ఏడోది ఒకటి ఉంది. నేను పాఠం నాలుగుసార్లు చూశాను, తెర మీద ఏడో ముక్క లేదు.

"ఇంకోటి ఉంది పిల్లా. ఏడోది."

ఆమె నవ్వు ఆగిపోయింది. నా పాత అనుమానం మళ్ళీ తల ఎత్తింది.

"నూరీ," అంది. "అది తెర మీద రాదు. తెరకు బయట, ఎడమ పక్క పెట్టిన. ఆ వారం చచ్చిపాయె అది. కాంట్రాక్టరు చూస్తే తీసేయమంటడని ఎవ్వరికీ కనపడని కాడ పెట్టిన. చిన్న తెల్ల మేక."

నేను తెరను మా వైపు తిప్పాను. నేను తెరను మా వైపు తిప్పాను. తెరకు ఎడమ పక్క, పాఠం చూసే పిల్లలెవరికీ కనబడని చోట, బొటనవేలంత తెల్ల మేక నిలబడి ఉంది.

"నేను నిన్ను నమ్మలేదు బిడ్డా," అన్నాను. చెప్పాలి కాబట్టి చెప్పాను.

"తెలుసు అవ్వా. నీ మొగం అట్లనే ఉండె."

సోమవారం ఆమె నాగర్‌కర్నూల్ పోయింది. నేను పోలేదు, ఎవరి ఇంటర్వ్యూ వాళ్ళదే. నేను చెప్పి పంపింది ఒకటే. "ముందుగాల పాఠం చూపకు. పట్టీ వాళ్ళ చేతికియ్యి, నిన్ను పిలిచి అడగమను. నూరీని ఆఖరుకు ఉంచు." సాయంత్రం ఫోను వచ్చింది. ముగ్గురు కూర్చున్నారట. మొదట ఒకాయన కాంట్రాక్టరు పేరు చూపించి, ఇది ఆయన చేసింది కదా అన్నాడట. ఈమె మేకలను పిలిచింది. గంగ దగ్గర అందరూ నవ్వారట. నూరీ దగ్గర ఆ ఒకాయనే లేచి తెర దగ్గరికి వచ్చి చూశాడట. ఉద్యోగం ఇచ్చారు.

"ఏమన్నరు ఆఖరికి?" అన్నాను.

"పిల్లలకు ఎట్ల నేర్పుతవ్ అని అడిగిండ్రు. ముందు ముక్కలకు పేర్లు పెట్టుడు నేర్పుత అన్న."

మిగిలిన తొమ్మిది

జొన్న కోత అయ్యాక బాలయ్య మిగతా తొమ్మిది సీడీలూ మూటకట్టి తానే తెచ్చి ఇచ్చాడు. "తీస్కో, నీ చచ్చిన పాఠాలు" అన్నాడు. ఆ మాట పడాల్సిందే, పడ్డాను. అప్పటికి షాపు పని మానుకున్నాను గానీ, సారు పాత కంప్యూటర్ ఒకటి ఇంటికి పంపాడు. పగటిపూట కిటికీ వెలుతురులో, అద్దాలు పెట్టుకుని కొంచెం కొంచెం చేస్తున్నాను. అయిదు తెరుచుకున్నాయి. నాలుగింటి మీద "తెల్వదు" అని రాసిపెట్టాను. చచ్చింది అని ఇంక దేని మీదా రాయను.

తెరుచుకున్న వాటిలో ఒకటి చెరువు పాఠం. ఆదివారం నస్రీన్ వచ్చినప్పుడు దాని పట్టీ చదివించాను. చేపలకు, కప్పకు, కొంగకు అన్నిటికీ మనుషుల పేర్లు ఉన్నాయి. శాంత, యాదమ్మ, పెద్దక్క, బుడ్డోడు. నస్రీన్ ఆ గదిలో చేసినవాళ్ళను తలచుకుంది కానీ, ఇవి ఎవరి ఇంటివో చెప్పలేకపోయింది. ఎక్కడో ఒక మనిషికి ఆ పేర్లు తెలుసు. వచ్చి పిలిస్తే ఇచ్చేస్తాను.

నేను కొత్తలో తీసేసిన ఆ పేరు ఎవరిదో ఇప్పటికీ తెలియదు. అది నస్రీన్‌ది కాదు, ఆమె పేరు ఏ పాఠం మీదా పడలేదు. అయినా ఎవరో ఒక నస్రీన్‌దే. చెరువు పాఠం ఆ పేరుగల మనిషిదైనా కావచ్చు. తెల్వదు.

వారానికి ఒకసారి ఆ చెరువు పాఠం సీడీని డబ్బాలోంచి తీసి దుమ్ము తుడుస్తాను, మధ్య నుంచి అంచుకు.